స్పీకర్ వైరు ఎంత లావుండాలి, కొసలు ఎలా బిగించాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో స్టీరియో అమర్చుకునేవారి నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో ఆంప్లిఫయర్ గురించిన ప్రశ్నలకంటే, దాని వెనుక నుంచి స్పీకర్లకు వెళ్లే వైరు గురించిన ప్రశ్నలే ఎక్కువగా ఉన్నాయి. పలువురు ఒకే సంగతి అడిగినచోట ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: మా హాల్లో ఆంప్లిఫయర్ ఒక మూలన ఉంది. ఒక స్పీకర్ దగ్గరే ఉంది కాబట్టి దానికి 4 మీటర్ల వైరు చాలు. రెండోదానికి గోడ వెంబడి తిప్పి తీసుకువెళ్లాలి, 11 మీటర్లు పడుతుంది. స్పీకర్ల మీద 6 ఓంలు అని రాసి ఉంది. ప్రస్తుతం సెట్‌తో పాటు వచ్చిన సన్న వైరే వాడుతున్నాను. ఎంత లావు వైరు తీసుకోవాలి? రెండు వైర్లూ ఒకే పొడవుండాలని కొందరు అంటున్నారు, నిజమేనా?

జవాబు: దీనికి అభిప్రాయాలతో పనిలేదు, లెక్క వేస్తే తేలిపోతుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 17 మిల్లీఓంల నిరోధం ఉంటుంది; తీగ వైశాల్యం రెట్టింపైతే ఆ నిరోధం సగమవుతుంది. కరెంటు స్పీకర్ దాకా వెళ్లి తిరిగి ఆంప్లిఫయర్‌కు రావాలి కాబట్టి, 11 మీటర్ల వైరంటే 22 మీటర్ల తీగ అని లెక్కలో పట్టుకోవాలి. మీ సన్న వైరు అర చదరపు మిల్లీమీటరుది అనుకుంటే, ఆ 22 మీటర్లకు దాదాపు 0.75 ఓం నిరోధం వస్తుంది. 6 ఓంల స్పీకర్‌తో పోలిస్తే అది ఎనిమిదో వంతు.

దీనివల్ల శబ్దం ఒక డెసిబెల్ తగ్గుతుంది. తగ్గడం పెద్ద నష్టమేమీ కాదు, వాల్యూమ్ కొంచెం పెంచితే సరిపోతుంది. అసలు చిక్కు వేరే ఉంది. స్పీకర్ మీద రాసే 6 ఓంలు నామమాత్రపు అంకె మాత్రమే, దాని ఇంపిడెన్స్, అంటే అటూ ఇటూ తిరిగే కరెంటుకు అది అడ్డుపడే తీరు, ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది. ఐఈసీ 60268-5 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది నామమాత్రపు అంకెలో 80 శాతానికంటే దిగువకు పోకూడదు. అంటే మీ స్పీకర్లలో కొన్నిచోట్ల 4.8 ఓంల దాకా దిగవచ్చు, బాస్ పలికించే వూఫర్ అనునాదం దగ్గర 30 ఓంల దాకా లేవనూ వచ్చు. 0.75 ఓం వైరు 4.8 ఓంల దగ్గర సుమారు 1.3 డెసిబెల్‌లు మింగేస్తుంది, 30 ఓంల దగ్గర 0.2 మాత్రమే మింగుతుంది. అలా శబ్దాన్నంతటినీ సమంగా తగ్గించకుండా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కోసి, స్పీకర్ తయారుచేసినవారు కుదిర్చిన సమతూకాన్నే మార్చేస్తుంది. శ్రద్ధగా వినే చెవికి ఒక డెసిబెల్ తేడా అందుతుంది.

వైరు మొత్తం నిరోధం స్పీకర్ ఇంపిడెన్స్‌లో 5 శాతం దాటకూడదన్నది స్థూలంగా అందరూ పాటించే నియమం. ఆ 5 శాతాన్ని నామమాత్రపు అంకెతో కాక కనిష్ఠపు అంకెతో లెక్కించడం మంచిదని నా ఉద్దేశం. మీ విషయంలో 4.8లో 5 శాతం 0.24 ఓం. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు 11 మీటర్లకు 0.25 ఓం ఇస్తుంది, అంటే గీత మీద నిలబడుతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్లదైతే 0.15 ఓంతో ఏ ఇబ్బందీ లేకుండా గట్టెక్కుతుంది, కాబట్టి దాన్నే తీసుకోండి. 4 చదరపు మిల్లీమీటర్లది తీసుకున్నా తప్పు లేదు కానీ, దానివల్ల అదనంగా దక్కేది డెసిబెల్‌లో పదో వంతు. మూలల దగ్గర వంచడానికీ, టెర్మినల్ రంధ్రంలో దూర్చడానికీ పడే పాట్లు మాత్రం ఎక్కువే. వైరు మీద గేజి అంకె ఉంటే, అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుందనీ, మూడు అంకెలు తగ్గితే వైశాల్యం రెట్టింపవుతుందనీ గుర్తుంచుకోండి. అమెరికన్ గేజిలో 16 అంటే 1.3, 14 అంటే 2.1, 12 అంటే 3.3 చదరపు మిల్లీమీటర్లు.

ఇక ఒకే పొడవు సంగతి. రెండున్నర వైరుతో 4 మీటర్ల వైపుకూ 11 మీటర్ల వైపుకూ వచ్చే శబ్ద వ్యత్యాసం డెసిబెల్‌లో ఏడో వంతు. మీరు కూర్చునే చోటు ఒక జానెడు పక్కకు జరిగినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. పొడవైన వైరులో సంకేతం ఆలస్యంగా చేరుతుందని భయపెట్టేవారూ ఉన్నారు. 7 మీటర్లు అదనంగా ప్రయాణించడానికి దానికి పట్టేది సెకనులో వంద కోట్ల వంతులు సుమారు 35. అంత వ్యవధిలో గాలిలో శబ్దం నడిచే దూరం మిల్లీమీటరులో నూరో వంతు. దగ్గరి స్పీకర్ వెనుక 7 మీటర్ల వైరును చుట్ట చుట్టి పెట్టవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు.

ప్రశ్న: ఓఎఫ్‌సీ (ఆక్సిజన్ లేని రాగి) అని ముద్రించిన రెండున్నర వైరు కొన్నాను. తొడుగు వొలిస్తే లోపలి పోగులు వెండిరంగులో కనిపిస్తున్నాయి. రాగి కాదా? నన్ను మోసం చేశారా?

జవాబు: వెంటనే ఆ మాట అనలేం, ఎందుకంటే వెండిరంగుకు మూడు కారణాలు ఉండవచ్చు. కొన్ని వైర్లలో ప్లస్, మైనస్ తేలికగా తెలియడానికి ఒక తీగను మాత్రమే తగరం పూతతో చేసి, రెండోదాన్ని రాగిరంగులో వదిలేస్తారు. కొన్నిటిలో తుప్పు పట్టకుండా రెండు తీగలకూ తగరం పూత పూస్తారు. ఈ రెండూ మంచి వైర్లే. మూడోది, లోపల అల్యూమినియం, పైన పలుచని రాగి పొర ఉండే సీసీఏ. దీని పోగులు కోసిన కొస దగ్గర తెల్లగా కనబడినా పైకి రాగిరంగులోనే ఉంటాయి కాబట్టి వెండిరంగు చూసి అనుమానపడినవారికంటే రాగిరంగు చూసి నిశ్చింతగా ఉన్నవారే ఎక్కువగా మోసపోతుంటారు. ఒక్క పోగును బల్ల మీద పెట్టి బ్లేడుతో గీకి చూడండి. తగరం పూత కింద ఎర్రని రాగి బయటపడుతుంది; సీసీఏ అయితే రాగి పొర లేచి కింద తెల్లని లోహం కనబడుతుంది.

దీనికంటే గట్టి పరీక్ష తూకం. సరిగ్గా ఒక మీటరు వైరు కోసి, ఒక తీగకున్న తొడుగంతా వొలిచేసి, పోగులను మాత్రం గ్రాముల్లో తూచే చిన్న త్రాసు మీద పెట్టండి. వచ్చిన బరువును 9తో భాగిస్తే ఆ తీగ వైశాల్యం చదరపు మిల్లీమీటర్లలో వస్తుంది, ఎందుకంటే రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 9 గ్రాములు. రెండున్నర వైరైతే 22 గ్రాములకు పైన తూగాలి. 8 గ్రాముల చుట్టూ ఆగిందంటే అది సీసీఏ అనుకోవచ్చు. 15 గ్రాములు వచ్చి, గీకితే ఎర్రగానే ఉంటే, రాగి నిజమే కానీ ముద్రించిన లావు అబద్ధమన్నమాట. మందపాటి పారదర్శకపు తొడుగు వేసి లోపలి తీగను లావుగా కనిపించేలా చేయడం ఈ సరుకులో మామూలే, పైగా ఆ పారదర్శకపు ప్లాస్టిక్ భూతద్దంలా పోగులను పెద్దవి చేసి చూపిస్తుంది.

సీసీఏ అయినంత మాత్రాన పాట ఆగిపోదు. దాని నిరోధం అదే లావు రాగితో పోలిస్తే ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అంటే రెండున్నర సీసీఏ, ఒకటిన్నర కంటే కాస్త మెరుగైన రాగి వైరుతో సమానం. తక్కువ దూరాలకు ఆ లెక్క తెలిసి వాడుకుంటే ఫరవాలేదు. నాకు దానితో ఉన్న పేచీ కొసల దగ్గర. కోసిన చోట అల్యూమినియానికి గాలి తగలగానే ఆక్సైడ్ పొర కమ్ముతుంది, ఆ పొర విద్యుత్తును పోనివ్వదు. స్క్రూ కింద నొక్కిపెట్టిన అల్యూమినియం నెమ్మదిగా అణిగిపోయి బిగువు సడలుతుంది. ఒకేచోట పదేపదే వంచితే పోగులు తెగుతాయి.

ఓఎఫ్‌సీ అన్న మూడక్షరాలకు వస్తే, ఆక్సిజన్ లేని రాగి 99.99 శాతం స్వచ్ఛమైనది, మామూలు విద్యుత్ రాగి 99.9 శాతం. ఈ రెండింటి వాహకతలో తేడా సుమారు ఒక శాతం. ఆక్సిజన్ ఉన్న రాగిని హైడ్రోజన్‌లో వేడిచేస్తే లోపల నీటి ఆవిరి పుట్టి లోహం పగులుతుంది కాబట్టి, వాక్యూమ్ పరికరాల తయారీలో ఆ స్వచ్ఛత నిజంగా అవసరం. స్పీకర్‌కు వెళ్లే వైరులో ఆ ఒక శాతాన్ని 10 మీటర్లలో 10 సెంటీమీటర్లు కత్తిరించి కూడా సంపాదించవచ్చు.

ప్రశ్న: నా పాత ఆంప్లిఫయర్‌కు స్ప్రింగ్ క్లిప్పులు, కొత్త స్పీకర్లకు మరలతో బిగించే బైండింగ్ పోస్టులు ఉన్నాయి. బనానా ప్లగ్గులు వేయించమని ఒకరు, స్పేడ్‌లు (చీలిన రేకు కొసలు) మేలని ఒకరు, ఒట్టి తీగే శ్రేష్ఠమని మరొకరు చెబుతున్నారు. బంగారు పూత ఉన్నవే కొనాలా? తీగ కొసలకు సోల్డర్ పూయవచ్చా?

జవాబు: వైరు గురించి వచ్చే ఫిర్యాదులలో సగానికి పైగా చివరికి కొస దగ్గరే తేలతాయి కాబట్టి దీనికి వివరంగానే జవాబు చెప్పాలి. ఒట్టి తీగే శ్రేష్ఠమన్న మాట విద్యుత్తు వరకు నిజం. మధ్యలో ఇంకో లోహం, ఇంకో అతుకు లేకుండా రాగి నేరుగా టెర్మినల్‌ను తాకుతుంది. అయితే అది బిగించిన రోజు సంగతి. నెలలు గడిచేకొద్దీ రాగి మసకబారుతుంది, పోగులు అణిగి మర వదులవుతుంది, వెనుక ఊడ్చేటప్పుడు వైరు లాగుడుపడుతుంది. వీటన్నిటికంటే ప్రమాదం ఒక్క పోగు పక్కకు విచ్చుకుని అవతలి టెర్మినల్‌ను తాకడం. ఆంప్లిఫయర్‌లో రక్షణ ఏర్పాటు ఉంటే అది ఆగిపోతుంది; లేని పాత సెట్టులో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు.

ఒట్టి తీగే వాడదలిస్తే ఇలా చేయండి. తొడుగును 12 మిల్లీమీటర్ల మేర మాత్రమే వొలవండి. బ్లేడుతో చుట్టూ గాటుపెట్టినప్పుడు పోగులు తెగకుండా చూసుకోండి, ఎందుకంటే ఏడెనిమిది పోగులు తెగితే ఆ చోట మీరు కొన్న లావు తగ్గినట్టే. పోగులను వాటి మెలిక ఉన్న దిశలోనే గట్టిగా మెలిపెట్టి, పోస్టులో అడ్డంగా ఉన్న రంధ్రంలోకి తొడుగు అంచు తగిలేదాకా దూర్చి, మర బిగించండి. టెర్మినల్ బయట మెరిసే రాగి కనబడకూడదు. వారం తర్వాత మళ్లీ ఒకసారి చేత్తో బిగించి చూస్తే అర చుట్టు తిరుగుతుంది, అప్పటికి అది కుదురుకున్నట్టు.

కొసలకు సోల్డర్ పూసి మర కింద బిగించడం మాత్రం వద్దు. పైకి అది ఎంతో పొందికగా కనబడుతుంది, పోగులు విచ్చుకోవు కూడా. కానీ సోల్డర్ మెత్తని లోహం. నిరంతరం నొక్కుడులో ఉంటే కొద్దికొద్దిగా పక్కలకు జరిగిపోతుంది, కొన్ని నెలలకు బిగువు వదిలి అతుకు గరగరలాడుతుంది. పోగులు చెదరకుండా ఉండాలంటే ఫెర్రూల్ అనే చిన్న లోహపు గొట్టాన్ని కొసకు తొడిగి, దానికని ఉన్న ప్లయరుతో నొక్కించండి. మీ స్ప్రింగ్ క్లిప్పుల వైపుకు ఇదే సరైన పద్ధతి. ఆ క్లిప్పుల రంధ్రాలు చిన్నవి కాబట్టి రెండున్నర తీగ నేరుగా పట్టకపోవచ్చు. అటువంటప్పుడు చివర సన్నని పిన్ను ఉండే కనెక్టర్ వాడండి. రంధ్రంలో పట్టడం కోసం కొన్ని పోగులను కత్తిరించేవారున్నారు కానీ, అలా బయట మిగిలిపోయిన మొండి పోగులే షార్టుకు దారితీస్తాయి.

స్పీకర్ల వైపు, పోస్టులు 4 మిల్లీమీటర్ల ప్లగ్గును తీసుకునేవైతే, బనానా ప్లగ్గులే వేయించుకోండి. తరచూ తీసి పెట్టేవారికి వాటికి మించిన సౌకర్యం లేదు, విచ్చుకునే పోగుల బెడద కూడా ఉండదు. ప్లగ్గు ఎంచుకునేటప్పుడు రెండు చోట్లు చూడాలి. ముందు భాగంలో స్ప్రింగ్ రేకులు ఉబ్బెత్తుగా ఉండి, దూర్చినప్పుడు గట్టిగా పట్టాలి. అనాయాసంగా జారిపోయే ప్లగ్గు పనికిరాదు. వెనుక భాగంలో తీగను పట్టుకునే తీరు ఇంకా ముఖ్యం. పక్కనుంచి గుచ్చుకునే ఒకే ఒక చిన్న స్క్రూ పోగులను కోస్తుంది, రెండు స్క్రూలు ఉన్నది నయం, నొక్కి బిగించే రకం అన్నిటికంటే నమ్మకమైనది. ప్లగ్గు లోపలే సోల్డర్ చేసే రకమైతే అక్కడ సోల్డర్ నిక్షేపంగా వాడవచ్చు, ఎందుకంటే అక్కడ నొక్కుడు లేదు. రోజిన్ ఫ్లక్స్ ఉన్న సోల్డరే వాడండి. ఆమ్లపు ఫ్లక్స్ రాగిని తినేస్తుంది. స్పేడ్‌లు పోస్టు మర కింద వెడల్పుగా ఆనుతాయి, ఒకసారి బిగించి ఏళ్ల తరబడి కదపనివారికి అవి మంచివే.

బంగారు పూత మెరుగైన వాహకత కోసం కాదు, బంగారం వాహకత రాగిలో దాదాపు 75 శాతమే. అది నల్లబడదు, చిలుము పట్టదు, దాని విలువంతా అందులోనే ఉంది. పొడి గదిలో నికెల్ పూత ఉన్న మంచి ప్లగ్గు అంతే పని చేస్తుంది. పూత చూసి కాక పట్టు చూసి కొనండి.

మరో జాగ్రత్త. ప్లగ్గులు వేసిన వైరును ముందుగా స్పీకర్‌కే తగిలించి, ఆ తర్వాత, అదీ ఆఫ్ చేసి ఉన్నప్పుడు, ఆంప్లిఫయర్‌కు తగిలించాలి. వరస తిరగబడితే అవతలి కొసన రెండు ప్లగ్గులూ ఒకదానికొకటి తగిలే అవకాశం ఉంటుంది. కొత్త పరికరాల పోస్టులలో ఎరుపు, నలుపు ప్లాస్టిక్ బిరడాలు కనబడతాయి కదా, బనానా ప్లగ్గులు పెట్టాలంటే వాటిని లాగేయాలి. యూరప్‌లోని కొన్ని గోడ సాకెట్లలో కూడా ఆ ప్లగ్గు పడుతుంది కాబట్టి, పొరపాటున ఎవరూ అటు గుచ్చకుండా ఆ వాడుకను నిరుత్సాహపరచడానికి పెట్టినవి అవి.

ప్రశ్న: నా ఆంప్లిఫయర్ డాంపింగ్ ఫ్యాక్టర్ 400 అని పుస్తకంలో ఉంది. వైరు వల్ల అది 50కి పడిపోతుందని చదివి దిగులుపడుతున్నాను.

జవాబు: అంకె పడిపోవడం నిజం, దిగులు మాత్రం అనవసరం. స్పీకర్ ఓంలను ఆంప్లిఫయర్ అంతర్నిరోధంతో భాగిస్తే వచ్చే అంకే డాంపింగ్ ఫ్యాక్టర్. 8 ఓంల స్పీకర్‌కు 400 అంటే ఆంప్లిఫయర్ అంతర్నిరోధం 0.02 ఓం. దానికి వైరు 0.15 ఓం కలిస్తే 8ని 0.17తో భాగించాలి కాబట్టి 47 వస్తుంది. అయితే వూఫర్ కోన్‌ను అదుపు చేసే కరెంటు ఈ రెండింటి గుండానే కాదు, వూఫర్ సొంత కాయిల్ గుండా కూడా పోవాలి. 8 ఓంల స్పీకర్‌లో ఆ కాయిల్ నిరోధం సుమారు 6 ఓంలు. మొత్తం 6.02 ఓంలు కావలసినది 6.17 అయింది, అంతే. 400కూ 47కూ మధ్య కనబడే అగాధం కోన్ దగ్గరకు వచ్చేసరికి రెండున్నర శాతం.

ప్రశ్న: ఖరీదైన వైరు మార్చాక పాట స్పష్టంగా వినబడుతోందని నాకు అనిపిస్తోంది. అదంతా భ్రమ అని మా తమ్ముడి వాదన. ఎవరిది నిజం?

జవాబు: ఇద్దరిదీ కొంత నిజం కావచ్చు. వైరు మార్చేటప్పుడు మీరు పాత కొసలను పీకి, కొత్త కొసలను బిగించారు. పాత టెర్మినల్ చిలుము పట్టి ఉంటే ఆ పీకడం, బిగించడంలోనే అది తుడుచుకుపోతుంది. అటువంటప్పుడు మీరు విన్న మెరుగు అబద్ధం కాదు, దాని ఘనత మాత్రం కొత్త వైరుది కాదు. సరిచూసుకోవాలంటే పాత వైరు కొసలను కత్తిరించి, తాజాగా వొలిచి మళ్లీ బిగించండి. మీరు చూడకుండా మీ తమ్ముడిని వైర్లు మార్చమని, ఏది ఉందో మీరు చెప్పాలి. వాల్యూమ్ ముట్టకూడదు, కనీసం పదిహేనుసార్లైనా చేయాలి. లావు సరిపోయిన రెండు రాగి వైర్ల మధ్య ఈ పరీక్షలో తేడా పట్టగలరని నేను అనుకోను. వైరు మీద బాణం గుర్తులున్నాయని ఇంకొకరు రాశారు. స్పీకర్ వైరులో కరెంటు సెకనుకు వేలసార్లు అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి దానికి దిశ లేదు. రెండు వైర్లకూ ఒకేలా పెట్టుకుంటే ప్లస్, మైనస్ గుర్తుపట్టడానికి ఆ బాణాలు పనికొస్తాయి.

ప్రశ్న: కొత్త వైర్లు వేశాక బాస్ పలచబడింది. గాయకుడి గొంతు ఇదివరకు రెండు స్పీకర్ల నడిమి నుంచి వచ్చేది, ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలియడం లేదు.

జవాబు: ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక కోన్ ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతోంది, దాంతో బాస్ ఒకదాన్నొకటి చెరుపుకుంటోంది. వైరు తొడుగు మీద ఒక తీగకు అంచున సన్నని గట్టు, గీత లేదా అక్షరాలు ఉంటాయి; దాన్నే రెండు కొసలలోనూ, రెండు వైర్లలోనూ ప్లస్‌కు వాడండి. గోడ లోపలి నుంచి వచ్చే వైరులో గుర్తు కనబడకపోతే, ఆంప్లిఫయర్ వైపు కొసలను పూర్తిగా ఊడదీసి, ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్‌ను ఆ కొసలకు ఒక్క క్షణం తాకించి తీసేయండి. వూఫర్ కోన్ చిన్నగా కదులుతుంది. సెల్ ప్లస్ తాకిన తీగ స్పీకర్ ప్లస్‌కు వెళ్తుంటే కోన్ సాధారణంగా బయటికి వస్తుంది. అరుదుగా కొన్ని స్పీకర్లలో వూఫర్‌ను కావాలనే తిరగేసి కలుపుతారు కాబట్టి, రెండు స్పీకర్లూ ఒకే వైపుకు కదులుతున్నాయా అన్నదే చూడవలసిన సంగతి.

ప్రశ్న: ఇంటి వైరింగ్‌లో మిగిలిన రెండున్నర రాగి వైరు ఉంది. వాడవచ్చా?

జవాబు: వాడవచ్చు. స్పీకర్‌కు తెలిసేది రాగి, దాని లావు, అంతే. రెండు విడి వైర్లయితే వాటిని ఒకదానితో ఒకటి మెలిపెట్టి తీసుకువెళ్లండి. వాటి చివర కరెంటు ప్లగ్గు ఎప్పుడూ బిగించకండి. కరెంటు వైర్లున్న గొట్టంలోనే వీటినీ పంపకండి.

ప్రశ్న: అందంగా ఉంటుందని రెండు తీగలను విడదీసి, తలుపు చట్రానికి చెరోవైపు నుంచి తీసుకువెళ్లాను. ఇబ్బందా? మిగిలిన వైరును చుట్టగా పెడితే?

జవాబు: మొదటిది మార్చండి. రెండు తీగలు పక్కపక్కన ఉంటే ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని రెండోది రద్దు చేస్తుంది; మీటరు ఎడంగా ఉంటే ఇండక్టెన్స్ నాలుగైదు రెట్లు పెరిగి, పొడవైన వైరులో పైస్వరాలు తగ్గుతాయి. రెండు తీగలూ కలిసే ఉన్న వైరును చుట్టగా పెడితే అదే కారణం చేత చెప్పుకోదగ్గ నష్టం ఉండదు.

ప్రశ్న: నా స్పీకర్ల వెనుక రెండేసి జతల టెర్మినళ్లు ఉన్నాయి, మధ్యలో రేకులు కలిపి ఉన్నాయి. నాలుగు తీగలతో బై-వైరింగ్ చేస్తే మంచిదా?

జవాబు: ఒకే ఆంప్లిఫయర్ నుంచి వూఫర్‌కూ, పైస్వరాలు పలికించే ట్వీటర్‌కూ వేర్వేరు వైర్లు వేయడం వల్ల వచ్చే లాభం, అదే రాగిని ఒకే లావు వైరుగా వాడితే వచ్చే లాభానికి మించదు. ఆ రేకులను బిగువుగా ఉంచి, ఒకే జతకు వైరు ఇవ్వండి. కొన్ని రేకులు పలుచగా, వదులుగా ఉండి ట్వీటర్ ఉండుండి ఆగిపోవడానికి కారణమవుతాయి. అలాంటివాటిని తీసి, మిగిలిన వైరు ముక్కలనే 10 సెంటీమీటర్ల పొడవున కోసి బిగించండి. ఎప్పుడైనా రెండు ఆంప్లిఫయర్లతో నడపదలిస్తే మాత్రం ముందుగా రేకులను పూర్తిగా తొలగించాలి. మరిచిపోతే ఒక ఆంప్లిఫయర్ ఔట్‌పుట్ రెండోదాని ఔట్‌పుట్‌లోకి నేరుగా పోయి, రెండూ పాడవుతాయి.

ప్రశ్న: గోడలోని సన్న గొట్టంలో మూడు తీగల వైరు ఒకటే పడుతోంది. రెండు స్పీకర్ల మైనస్‌లనూ ఒకే తీగకు కలిపి, మూడింటితో సరిపెట్టవచ్చా?

జవాబు: ఆంప్లిఫయర్ ఏ రకమో తెలియకుండా ఆ పని చేయకండి. చాలా క్లాస్-డి ఆంప్లిఫయర్లలోనూ, బ్రిడ్జి పద్ధతిలో నడిచేవాటిలోనూ నల్ల టెర్మినల్ భూమి కాదు, అది కూడా సంకేతాన్ని మోసే ఔట్‌పుట్టే. ఎడమ, కుడి నల్ల టెర్మినళ్లను కలిపితే రెండు ఔట్‌పుట్‌లను షార్టు చేసినట్టవుతుంది. పుస్తకంలో చూడండి, అందులో లేకపోతే సెట్టు ఆఫ్ చేసి, ప్లగ్గు కూడా పీకి, రెండు నల్ల టెర్మినళ్ల మధ్య మల్టీమీటరుతో నిరోధం కొలవండి. మీటరు తీగలను ఒకదానికొకటి తాకించినప్పుడు వచ్చే అంకే ఇక్కడా వస్తే అవి లోపల కలిసి ఉన్నట్టే, అంతకంటే ఎక్కువ చూపిస్తే కలపకూడదు.

లోపల కలిసి ఉన్నా, పొడవునా ఒకే తీగ గుండా రెండు స్పీకర్ల కరెంటూ తిరిగి వస్తే ఒకదాని పాట రెండోదానిలోకి కొంత చొరబడుతుంది. 11 మీటర్ల రెండున్నర తీగతో, 8 ఓంల స్పీకర్లకు ఆ చొరబాటు సుమారు 40 డెసిబెల్‌ల దిగువన ఉంటుంది. అది వినబడేంత పెద్దది కాకపోవచ్చు గానీ, మీరు కొన్న ఆంప్లిఫయర్ అంతకంటే మెరుగ్గా వేరుచేయగలిగినదే అయి ఉంటుంది. గొట్టంలో ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల నాలుగు తీగల వైరు పడుతుందేమో ముందు చూడండి. 11 మీటర్ల దాకా 8 ఓంల స్పీకర్లకు అది సరిపోతుంది.